చావుకి టైమ్‌స్టాంప్ ఉండదు

సీఎస్ఐ సీరియల్ చూసినవాళ్ళకి గిల్ గ్రిసమ్ గుర్తుండే ఉంటాడు. శవం మీద నుంచి ఓ పురుగుని తీసి, తేరిపార చూసి, చనిపోయి ఎన్నాళ్ళయిందో తేల్చేస్తాడు. మనం కూడా "అబ్బ, ఏం సైన్సండీ!" అనుకుని తర్వాతి ఎపిసోడ్‌కి పోతాం. ఆ పురుగుకీ ఆ అంకెకీ మధ్య ఉన్న లెక్కేమిటా అని కాస్త తవ్వి చూస్తే, అది మన ప్రాజెక్ట్ ఎస్టిమేషన్‌కి దగ్గరి చుట్టమే అనిపించింది. (భోజనం చేస్తూ చదివేవాళ్ళు ముందు చెయ్యి కడుక్కుని రండి. తర్వాత నన్ను తిట్టుకోవద్దు.)

చనిపోయిన మొదటి ఒకటి రెండు రోజులూ డాక్టర్లు ఒంటి వేడి ఎంత తగ్గింది, కండరాలు ఎంత బిగుసుకున్నాయి అని చూసి అంచనా కడతారు. ఆ గుర్తులు చెరిగిపోయాక ఇక ఈగలే దిక్కు. మాంసం కొట్ల దగ్గర పచ్చగా, నీలంగా మెరుస్తూ మూగే ఈగలు తెలుసుగా, అవే. పగలు, ఆరుబయట అయితే చాలా త్వరగా వాసన పట్టి వచ్చేస్తాయి. కళ్ళు, ముక్కు, నోరు, గాయాలు ఉన్నచోట గుడ్లు పెడతాయి. గుడ్డు, ఆపైన మూడు దశల పురుగు, ప్యూపా, మళ్ళీ ఈగ. ఏ జాతి ఏ దశకి ఎంతసేపట్లో చేరుతుందో ల్యాబుల్లో పెంచి పట్టికలు తయారుచేసి పెట్టారు. శవం మీద దొరికిన పురుగుల్లో అన్నిటికన్నా పెద్ద వయసు దాన్ని పట్టుకుని, పట్టికలో చూసి, వెనక్కి లెక్క కట్టడమే.

ఇంత సులువైతే టపా ఎందుకు? చిక్కంతా ఉష్ణోగ్రత దగ్గర ఉంది. పురుగుకి సొంతంగా ఒంటి వేడి ఉండదు. చల్లగా ఉంటే నెమ్మదిగా, వెచ్చగా ఉంటే గబగబా పెరుగుతుంది. అందుకని గంటలు కాదు, డిగ్రీ-గంటలు లెక్కపెడతారు. ఒక కనీస ఉష్ణోగ్రత పెట్టుకుని, దానికి పైన ఎన్ని డిగ్రీలు ఉందో గంటగంటకీ కూడుకుంటూ పోతారు. ఉదాహరణకి కనీసం 10 డిగ్రీలు, ఆ దశకి రావడానికి 1600 డిగ్రీ-గంటలు కావాలి అనుకుందాం (అంకెలు లెక్క కోసం నేను వేసుకున్నవే). సగటున 26 డిగ్రీలుంటే గంటకి 16 చొప్పున సరిగ్గా 100 గంటలు. అదే 24 అయితే 114 గంటలు. 21 అయితే 145 గంటలు. అంటే ఐదు డిగ్రీలు అటూ ఇటూ అయితే రెండు రోజులు దాదాపుగా గల్లంతు!

మరి ఆ 26 ఎవరు చెప్పారు? చాలాసార్లు దగ్గర్లోని వాతావరణ కేంద్రం. "దగ్గర్లో" అంటే ఎన్నో కిలోమీటర్ల దూరంలో ఉండొచ్చు. శవమేమో ఎక్కడో చెట్ల నీడలోనో, కాలవ గట్టునో, తాళం వేసిన కారులోనో ఉంటుంది. అందుకే జాగ్రత్తగా పనిచేసేవాళ్ళు ఘటనా స్థలంలో కొన్ని రోజులు డేటా లాగర్ పెట్టి, ఆ రీడింగుల్ని కేంద్రం రీడింగులతో పోల్చి, పాత ఉష్ణోగ్రతల్ని సరిచేసుకుంటారు. అదీ పూర్తిగా సరిపోదు. పురుగులు గుంపుగా చేరితే వాటి వేడి వల్లే అక్కడ ఉష్ణోగ్రత చుట్టూ ఉన్న గాలికన్నా బాగా ఎక్కువవుతుంది.

ఇదంతా పక్కాగా చేసినా వచ్చేది చనిపోయిన టైము కాదు, గుడ్లు పెట్టిన టైము. రాత్రిళ్ళు ఈగలు సాధారణంగా గుడ్లు పెట్టవు. వాన పడితే ఆలస్యం. దుప్పట్లో చుట్టి, తలుపులు మూసేస్తే ఇంకా ఆలస్యం. మన భాషలో చెప్పాలంటే, లాగ్ ఫైల్లో మొదటి ఎర్రర్ కనపడ్డ టైము సర్వర్ చెడిపోయిన టైము కాదు. అంతకు ముందే ఎప్పుడో చెడింది. ఎంత ముందు అన్నది లాగ్ చెప్పదు.

ఈ తేడా ఎంత ఖరీదైనదో చెప్పే కేసు ఒకటుంది. 1959 జూన్ 9, కెనడాలోని ఒంటారియోలో క్లింటన్ అనే ఊరి దగ్గర 12 ఏళ్ల లిన్ హార్పర్ సాయంత్రం బయటికి వెళ్ళి తిరిగి రాలేదు. రెండు రోజుల తర్వాత అడవిలో శవం దొరికింది. ఆ సాయంత్రం ఆమెని సైకిల్ మీద ఎక్కించుకెళ్ళిన స్టీవెన్ ట్రస్కాట్‌ని అరెస్ట్ చేశారు. వాడి వయసు 14. హైవే దగ్గర దింపేశానని, ఆమె ఏదో కారు ఎక్కడం చూశానని చెప్పాడు. పోస్ట్‌మార్టం చేసిన డాక్టర్ కడుపులో అరగని తిండిని చూసి, రాత్రి 7:45 లోపే చనిపోయిందని చెప్పాడు. వాడేమో ఎనిమిదింటికల్లా స్కూలు దగ్గర అందరి మధ్యా ఉన్నాడు. అంటే 7:45 లోపైతే వాడే, ఎనిమిది తర్వాతైతే వాడు కాడు. సెప్టెంబర్ 30న దోషి అన్నారు. ఉరిశిక్ష వేశారు. 14 ఏళ్ల పిల్లాడికి! 1960లో దాన్ని యావజ్జీవంగా మార్చారు, 1969లో పెరోల్ మీద వదిలారు.

పోస్ట్‌మార్టంలో తీసిన పురుగుల్ని అప్పట్లోనే ల్యాబులో పెంచి, నోట్సు రాసి ఉంచారు. కేసు మళ్ళీ అప్పీల్ కోర్టుకొచ్చినప్పుడు, దాదాపు అర్ధశతాబ్దం తర్వాత, ఆ నోట్సునీ ఆనాటి వాతావరణ రికార్డుల్నీ కీటక నిపుణులు తిరగేశారు. జూన్ కాబట్టి 7:45కి అక్కడ ఇంకా వెలుతురే. అప్పటికే చనిపోయి ఉంటే ఆ సాయంత్రమే ఈగలు రావాలి. పురుగుల సైజు చూస్తే గుడ్లు పెట్టింది మర్నాడు పగలేనని డిఫెన్స్ నిపుణులు అన్నారు. కాదు, ఆ సాయంత్రమే పెట్టి ఉండొచ్చని ప్రాసిక్యూషన్ నిపుణుడు అన్నాడు. అవే పురుగులు, అవే రికార్డులు, రెండు జవాబులు.

2007 ఆగస్టు 28న కోర్టు శిక్ష రద్దు చేసి ట్రస్కాట్‌ని నిర్దోషిగా విడిచిపెట్టింది. తీర్పుకి ముఖ్యమైన బలం ఈగల నుంచి రాలేదు. కడుపులో తిండిని బట్టి చనిపోయిన టైముని అంత ఇరుకుగా చెప్పడం కుదరదన్న వైద్యుల సాక్ష్యం నుంచి వచ్చింది. తినేది మనిషిని బట్టి, భయాన్ని బట్టి, తిన్నదాన్ని బట్టి అరుగుతుంది. అన్నట్టు, అతను ఆ పని చెయ్యలేదని రుజువైందని మాత్రం కోర్టు అనలేదు. 48 ఏళ్ల తర్వాత అంత గట్టిగా తేల్చే ఆధారం ఎవరి దగ్గరుంటుంది?

నాకు ఈ కేసులో ఎక్కువ గౌరవం కలిగింది ఆ తెగని వాదన మీదే. ఇద్దరు నిపుణులు ఒక మాట మీదకి రాలేదంటే సైన్సు ఓడిపోయినట్టు కాదు. ఆ డేటా ఎంతవరకు చెప్పగలదో అక్కడికి ఆగిందని అర్థం. 1959లో ప్రమాదం తెచ్చింది అనుమానం కాదు, నమ్మకం. "ఇన్ని గంటల నుంచి ఇన్ని గంటల మధ్య, ఇంకా ముందూ వెనకా కూడా కావచ్చు" అని ఉండాల్సిన చోట "7:45 లోపు" అని ఒక్క అంకె వచ్చి కూర్చుంది.

మనకిది బాగా అలవాటైన జబ్బే. "రెండు నుంచి ఐదు వారాలు" అని చెప్తాం. మీటింగ్ అయ్యేసరికి మినిట్స్‌లో "రెండు వారాలు" అని ఉంటుంది. మన విషయంలో పోయేది ఓ డెడ్‌లైన్, రెండు వీకెండ్లు. కోర్టులో పోయేది ఒకరి జీవితం. కాబట్టి ఎవరైనా నిపుణుడు చనిపోయిన టైముని గంట, నిమిషంతో సహా చెప్తే మెచ్చుకునే ముందు ఒక్క ప్రశ్న అడగాలి: "ఎంత అటూ ఇటూ అండీ?" దానికి జవాబు లేకపోతే ఆ టైముకి విలువ లేదు.