కోనసీమకు తోకచుక్క అక్కర్లేదు

లోకం అంతమయ్యే వేళ కుర్రకారు ప్రేమలో పడే కథల్లో తోకచుక్క ఎందుకో అమెరికా మీదే కన్నేస్తుంది. 1998లో వచ్చిన ‘డీప్ ఇంపాక్ట్’ సినిమాలో ఓ స్కూలు కుర్రాడు ప్రియురాలిని బంకర్‌లోకి చేర్చడానికి హడావిడిగా పెళ్లాడేస్తాడు.

మన దగ్గర బంకర్లు లేవు. ప్రళయాలకు మాత్రం కొదవలేదు.

1995 జనవరి 8న కోనసీమలోని పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ గ్యాస్ బావి బద్దలైంది. రెండు నెలలకు పైగా మంట ఆరలేదు. చుట్టుపక్కల జనాన్ని ఖాళీ చేయించారు. రాత్రిళ్లు కూడా ఆకాశం ఎర్రగా వెలిగేది. పబ్లిక్ పరీక్షలకు చదువుకునే రోజులవి. అంత వెలుగులో ఇద్దరు చాటుగా కలుసుకోవడమెలా? నవలాకారుడికి ఇంతకన్నా మంచి చిక్కు దొరకదు.

మరుసటి ఏడాది నవంబర్ 6న, దీపావళికి నాలుగు రోజుల ముందు, తుపాను విరుచుకుపడింది. వెయ్యి మందికి పైగా పోయారు. కొబ్బరితోటలు నేలకొరిగాయి. కొత్త మొక్క కాపుకొచ్చేసరికి ఐదారేళ్లు. కాయల రాబడి మీదే కట్నం లెక్కలు వేసుకున్న ఇంట్లో పిల్ల పెళ్లి ఎన్నాళ్లు వాయిదా పడుతుంది? ఆలోగా అవతలి లంక కుర్రాడికి మస్కట్ వీసా వస్తుందా? అసలు ఉత్కంఠ అక్కడుంది.