చెయ్యి వేస్తేనే తెలిసేవి

రామతీర్థం చుట్టుపక్కల ఊళ్లనుంచి ఫిజియోథెరపీకి వచ్చేవాళ్లు చాలావరకు కష్టజీవులే. నాట్లు వేసి నడుం పట్టేసినవాళ్లు, నెల్లిమర్ల జూట్‌మిల్లులో ఏళ్లతరబడి పనిచేసి భుజం బిగుసుకుపోయినవాళ్లు, పక్షవాతం వచ్చిన పెద్దలు. నా దగ్గర ఈ పని నేర్చుకోడానికి వచ్చే పిల్లలకి కండరాల పేర్లన్నీ కంఠతా వచ్చు. తీరా మనిషి మీద చెయ్యి వెయ్యమంటే జంకుతారు. చెమట వాసన, ముడతలు పడ్డ ఒళ్లు, పరాయి ఆడమనిషి, పరాయి మగవాడు. ధైర్యం చెబితే పోయే జంకు కాదది. చేత్తో ఏం కనిపెట్టాలో తెలిసిననాడు దానంతటదే తగ్గుతుంది.

ఎడమపక్క పడిపోయిన ఒక తాతని కుర్చీలోంచి లేపమని ఒక అమ్మాయికి చెప్పాను. ఆ అమ్మాయి వేళ్ల కొసలతో మోచెయ్యి పట్టుకుంది. ఆయన ఒళ్లు బిర్రబిగిసింది.

"ఏటమ్మా, అలా పట్టుకుంటే పడిపోనా?"

అరచెయ్యి మొత్తం ఆయన వీపుకి ఆనించమన్నాను. చచ్చుబడ్డ కాలి మోకాలికి తన మోకాలు అడ్డంపెట్టి, "ముందుకు వంగు తాతా, ఇప్పుడు లే" అనమన్నాను. లేచాడు. ఆయన బరువు ఏ పక్కకి ఒరుగుతోందో చూసుకోవడంలో పడి, ఆ అమ్మాయి తన బిడియం మర్చిపోయింది.

నడుంనొప్పితో వచ్చిన ఒక కోడలుపిల్లని చూడ్డానికి ఒక అబ్బాయి తటపటాయించాడు. అత్తగారిని పక్కన కూర్చోబెట్టి, తెర లాగి, చూడవలసిన మేర తప్ప మిగతాదంతా దుప్పటి కప్పాం. "వెన్నెముక పక్కన నొక్కుతానమ్మా, వద్దంటే ఆపేస్తాను" అని అతనిచేత ముందే చెప్పించాను. సరేనన్నాకే చెయ్యి వేశాడు. వద్దని ఉంటే అమ్మాయిల్లో ఒకరు చూసేవారు.

కుష్ఠు నయమైనవాళ్లు వచ్చినప్పుడు ఈ జంకు మరీ ఎక్కువ. అప్పుడు పిల్లలకి పాల్ బ్రాండ్ అనే డాక్టరు సంగతి చెబుతాను. 1947లో ఆ డాక్టరు చెంగల్పట్టు కుష్ఠు ఆసుపత్రికి వెళ్లి, వేళ్లు కొంకర్లుపోయిన ఒక రోగిని తన చెయ్యి నొక్కమన్నాడు. ఆ పట్టుకి ఆయనకే నొప్పి పుట్టింది. పనికిరాదనుకున్న ఆ చేతికి ముంజేతి కండరాల్లో ఇంకా బలం ఉందని అలా బయటపడింది. తర్వాత వెల్లూరులో, బలమున్న కండరాల స్నాయువులను మార్చి వేళ్లను తిరిగి పనిలో పెట్టే ఆపరేషన్లు మొదలుపెట్టాడు. ఆపరేషన్ అయ్యాక ఆ కండరానికి కొత్త పని నేర్పేది ఫిజియోథెరపిస్టే. మందులు వాడి నయమైన మనిషి చెయ్యి పట్టుకుంటే జబ్బు అంటదు. పుండో రక్తమో ఉంటే గ్లౌజులు వేసుకోవాలి. అది ఏ రోగికైనా అంతే.

అయితే అన్ని జంకులూ పోగొట్టుకోవలసినవి కావు. రోగి చూపులోనో మాటలోనో తేడా కనిపిస్తే, చేస్తున్న పని ఆపి బయటికి వచ్చి పెద్దవాళ్లకి చెప్పమంటాను. అలాంటివి ఓర్చుకోవడం కూడా ఈ వృత్తిలో భాగమేనని ఆడపిల్లలకి ఎవరైనా చెబితే నమ్మకూడదు.