వాన కురిసింది: కర్త ఎవరు?

2025 జులై 23న హేగ్ నగరంలోని అంతర్జాతీయ న్యాయస్థానం వాతావరణ మార్పు విషయమై తన సలహాభిప్రాయం వెలువరించింది. సరిగా అయిదు వారాలకు, వినాయక చవితినాడు, మా కామారెడ్డి మీద ఆకాశం విరిగిపడింది. ఈ రెంటినీ ఒకే టపాలో కూర్చడం అసందర్భమని మిత్రులు కొందరు తలపవచ్చు. నాకలా తోచలేదు.

రాజంపేట మండలం ఆర్గొండలో 40 సెంటీమీటర్లకు మించి వర్షం. కామారెడ్డిలో కాలనీలు మునిగాయి. భిక్కనూరు, తలమడ్ల నడుమ రైలుపట్టాల కింది కట్ట కోసుకుపోయింది. ఎల్లారెడ్డి పొలాలకు నీరిచ్చే పోచారం ప్రాజెక్టు నిజాం కాలంలో, 1922లో పూర్తయినది. అది తెగుతుందేమోనని అందరికీ గుండె దడ. ఆ ముసలి కట్టడం నిలిచింది. ఎల్లారెడ్డి దగ్గర వాగు ఒడ్డున మా బావమరిది పొలం మాత్రం నిలువలేదు. నాటు వేసి నెల దాటిన వరి మీద మోకాటి లోతు ఇసుక మేట వేసింది. "బావా, గీ ఇసుకకు ఎవల్ని అడగాలె?" అన్నాడు.

జీవితమంతా వ్యాకరణం చెప్పినవాణ్ణి. 'వాన కురిసింది' అన్న వాక్యంలో కర్త వానయే. వెనుక మరొకడున్నాడని భాష చెప్పదు. తర్కశాస్త్రం ఇంకొంత దూరం పోతుంది: కుండకు మట్టి ఉపాదాన కారణం, కుమ్మరి నిమిత్త కారణం. వానకు మట్టి సముద్రపు ఆవిరి. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం అధికంగా ఆవిరిని మోయగలదు. ఆ వేడిమిని కూర్చిన కుమ్మరి ఎవరు, అతని బాధ్యత ఏమిటి అన్నదే హేగ్‌లో ప్రశ్న.

ఆ ప్రశ్నకు మూలపురుషులు పసిఫిక్ ద్వీపాల న్యాయశాస్త్ర విద్యార్థులు. పిల్లలే! 2019లో వారు మొదలుపెట్టినదాన్ని వనువాటు దేశం తలకెత్తుకొనగా, 2023 మార్చి 29న ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ న్యాయస్థానానికి నివేదించింది. న్యాయస్థానం ఏకగ్రీవంగా చెప్పినదేమంటే, పర్యావరణాన్ని కాపాడడం ఒప్పందాల వల్లనే గాక ఆచార న్యాయం వల్ల కూడ రాజ్యాలకు విధి. దాన్ని మీరితే అపచారం మానాలి, నష్టం పూడ్చాలి. అనేకులు కలిసి చేశారన్నది ఏ ఒక్కరికీ సాకు కాదు.

అయితే ఒక ముడి ఉంది. పరిహారం కోరేవారు తప్పుకూ నష్టానికీ తగినంత సూటియైన, నిశ్చితమైన కార్యకారణ సంబంధం చూపాలి. మోకాటి లోతు ఇసుకలో ఏ దేశపు పొగ ఎన్ని అంగుళాలో ఎవరు కొలిచేది? పైగా చెరువుల శిఖం భూముల్లో ఇళ్లు కట్టినవారు, వాగుల దారి మూసినవారు పరదేశీయులు కారు. ప్రతివాది ఈ మాట తప్పక ఎత్తుతాడు.

మరొకటి. ఆ న్యాయస్థానంలో దావా వేయగలిగినవి రాజ్యాలే. రైతుకు ప్రవేశం లేదు. మా బావమరిది పక్షాన నిలువగలిగినది భారత ప్రభుత్వమొక్కటే. 2024 డిసెంబరులో జరిగిన వాదనల్లో మన ప్రతినిధులు ఈ తాపానికి ప్రధాన కారకులు సంపన్న దేశాలేనన్నారు. న్యాయమైన మాట. ఆ నోటితోనే, ఉన్న ఒప్పందాలను దాటి కొత్త బాధ్యతలు కల్పించవద్దనీ కోరారు. మన బొగ్గును తలచుకొని అలా అని ఉంటారని నా అనుమానం. మొదటి మాట మా పొలం పక్షం, రెండవది ప్రతివాది పక్షం. ఈ వకాల్తా నాకు మింగుడుపడలేదు.