పాత మిషనా, కొత్త మిషనా?

టైలరింగ్ నేర్చుకున్న అమ్మాయికి సర్టిఫికెట్ చేతికొచ్చీ రాకముందే ఎదురయ్యే ప్రశ్న ఇది. మా మేనకోడలు ఫోన్ చేసి, "అత్తా, పక్కవీధిలో పాత సింగర్ అమ్ముతున్నారట. తీసుకోనా, కొత్తది చూద్దామా?" అంది. "ముందు నువ్వేం కుడతావో చెప్పవే" అన్నాను.

ఆ నల్లటి ఇనుప మిషన్లకు తిన్నటి కుట్టు తప్ప మరొకటి తెలియదు. జాకెట్లకీ, లంగాలకీ, దిండు గలీబులకీ అది చాలు. చీరలకు పీకో చేస్తానంటే మాత్రం జిగ్‌జాగ్ కావాలి. వీధిలో ఎక్కువగా వచ్చే పని ఏదో తేలితే సగం ప్రశ్న తీరినట్టే.

ఈ బేరం ఇవాళ్టిది కాదు. 1851లో మొదలైన సింగర్ కంపెనీ 1856 నాటికే వాయిదాల మీద మిషన్లు ఇచ్చింది. పాతది తెచ్చిస్తే కొత్తదాని ధరలో కొంత తగ్గించేది. అలా వచ్చిన పాతవాటిని మళ్లీ అమ్మకుండా విరగ్గొట్టించేది. కొత్త మిషన్‌కు అసలు పోటీ పాత మిషనేనని వాళ్లకు అప్పుడే తెలుసు. స్కాట్లండ్‌లోని క్లైడ్‌బ్యాంక్‌లో వాళ్ల పెద్ద కర్మాగారం 1980లో మూతపడింది. అక్కడ పుట్టిన మిషన్లు ఇంకా కుడుతూనే ఉన్నాయి. ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే!

అయితే అన్ని పాతవీ అలాంటివి కావు. చూడ్డానికి వెళ్లేటప్పుడు మన గుడ్డే తీసుకెళ్లాలి, ఒక పల్చటి ముక్క, లైనింగుతో కలిపి నాలుగు మడతలు వేసిన ముక్క ఒకటి. కుట్టాక పైన కాదు, కింద చూడాలి. దారం ఉంగరాలుగా వేలాడితే టెన్షన్ సర్ది మళ్లీ కుట్టించాలి. సూది కడ్డీని పట్టుకుని పక్కలకు ఊపితే కదలకూడదు. షటిల్ తిరిగేచోట తుప్పు గుంటలు పడితే వదిలెయ్యడమే మంచిది. చక్రం బిగుసుకుందని మాత్రం భయపడక్కర్లేదు. చాలాసార్లు అది ఎండి బంకైన నూనె. కిరసనాయిలు చుక్కలు వేసి రాత్రంతా వదిలి, తుడిచి మిషన్ నూనె పోస్తే కదులుతుంది. బల్ల అంచున బంగారు పువ్వులు చెరిగిపోవడం గుడ్డ రాపిడి వల్ల. అది ధర తగ్గించమని అడగడానికి పనికొస్తుంది, మిషన్ వద్దనడానికి కాదు.

లోపల ప్లాస్టిక్ పళ్లచక్రాలున్న పాతవాటి సంగతి వేరు. ఏళ్లు గడిచేకొద్దీ అవి పెళుసెక్కి పగులుతాయి, బయటికి కనపడవు. బోర్డుతో నడిచే కంప్యూటర్ మిషన్ అయితే బోర్డు పోయిందంటే ఊళ్లో బాగుచేసేవాడే ఉండడు. అలాంటివి కొంటే వారంటీ కాగితంతో కొత్తవే కొనాలి. ఇనుప మిషన్‌కు ఆ బెంగ తక్కువ. మన ఉషా మిషన్లూ చాలాకాలం అదే బాణీలో వచ్చాయి కనుక బాబిన్ కేసు, సూదులు ఇప్పటికీ దారాల కొట్లోనే దొరుకుతాయి.

అందుకే పాత మిషన్ ఎంచడమంటే సగం మెకానిక్‌ను ఎంచడమే. నడిచిపోయే దూరంలో ఒకడుంటే పాతది లాభం. లేకపోతే ఎంత చవకైనా బరువే.

ధర దగ్గర ఇంకో సంగతి. 2025 సెప్టెంబరు 22 నుంచి కుట్టుమిషన్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. అమ్మేవాళ్లు అంతకుముందు నాటి కొత్త ధర చెప్పి, అందులో సగానికిస్తామంటే అది సగం కాదన్నమాట.

ఇదంతా విని మేనకోడలు, "మరి ఎంతకి అడగను?" అంది.

"మెకానిక్‌ని వెంటబెట్టుకెళ్లు. వాళ్లు చెప్పిన ధరలోంచి ఆయన చెప్పిన రిపేరు ఖర్చూ, ఆయన కూలీ తీసేసి, మిగిలినదానికి అడుగు. ఒప్పుకోకపోతే నవ్వుతూ వచ్చెయ్. నాలుగు రోజుల్లో వాళ్లే ఫోన్ చేస్తారు."