పొడికి తగిన పాత్ర

వండుట యెంత విద్యయో, వండినదానిని చెడకుండ దాచుటయు నంత విద్యయే. ఆవకాయ కలుపు దినమున మన పెద్దలు ఉప్పు, కారముల పాళ్లను గూర్చి యెంత విచారింతురో జాడీని గూర్చియు నంతే విచారింతురు. జాడీని కడిగి యెండబెట్టి, తడి లేకుండ తుడిచి, కాయ నింపి, నూనె పైకి తేలునట్లు చూచి, గుడ్డతో వాసెన గట్టుదురు. పిమ్మట తడిచేయి దానిని తాకరాదు. తేమను, గాలిని దూరముగ నుంచు మార్గములే మనకు ఆచారములుగా వచ్చినవి. కాని నేడు మన యిండ్లలో ప్రవేశించిన మాంసకృత్తుల పొడుల విషయమున ఆ విచారణ మనకు లేకపోయినది. డబ్బాపై బొమ్మను చూచి కొనుచున్నాము.

మా కాపురము సింహాచలము కొండదిగువన. సముద్రము కంటికి కానరాకున్నను దాని గాలి మా వంటింటికి వచ్చుచునే యుండును. వానకాలమున ఉప్పు నీరుగారును; అప్పడములు మెత్తబడును. మా అత్తగారు డెబ్బదియేండ్లు దాటినవారు. పండ్లు లేవు. నిరుడు జ్వరపడి లేచినది మొదలు వారికి అన్నము సయింపకుండెను. ఒకపూట భోజనమునకు మారుగా బలమైన పొడిని పాలలో కలిపి యిమ్మని వైద్యులు చెప్పిరి. బజారునుండి తెచ్చిన పెద్దడబ్బా చూపునకు ఘనముగనే యుండెను గాని, దాని మూత మొదటినుండియు వదులు. ఇరువది దినములు గడువకముందే పొడి గడ్డకట్టి ముక్కవాసన వేసెను. "అమ్మాయీ, ఇది నాకు దిగదు" అని అత్తగారు గ్లాసు ప్రక్కకు నెట్టిరి. ముసలిప్రాణమునకు ఒకపూట ఆహారము తప్పిన నెంత నష్టమో రోగిని కనిపెట్టుకొనియున్నవారికే తెలియును.

అంతట ఇంటనే పొడి చేసితిమి. వేయించిన సెనగపప్పు, వేరుసెనగ పప్పు, మొలకెత్తించి యెండబెట్టి వేయించిన రాగులు, పాలపొడి — ఇవియే దినుసులు. అత్తగారు ఇష్టముతో త్రాగిరి. నెల తిరుగునప్పటికి వాకిటివరకు నడచిరి. ఇరుగుపొరుగువారు మాకును కావలెననిరి. మా పొదుపు సంఘములోని నలుగురము కూడి, కొంత సొమ్ము వేసుకొని, అమ్మకమునకు చేయ సంకల్పించితిమి. పొడి సిద్ధమే, దానిని దేనిలో పోయవలెను?

మొదట శత్రువు లెవరో తెలిసికొనవలెను. పాలపొడి తేమను పీల్చి గడ్డకట్టును. వేరుసెనగలోని నూనె గాలికిని వెలుతురునకును కారువాసన పట్టును. కావున తేమ, గాలి, వెలుతురు — ఈ మూటిని ఆపునదే మంచి పాత్ర. మా కొండ సంపెంగలకు ఆకుపొట్లము చాలును. అవి ఆ పూట వస్తువులు. పొడి నెలల తరబడి నిలువవలసినది. వార్తాపత్రిక కాగితమున ఆహారము చుట్టుటను 2018 నాటి ప్యాకేజింగు నిబంధనలు నిషేధించినవి. అచ్చుసిరా యాహారమున కంటును గదా.

గాజుసీసా తేమను, గాలిని రానీయదు. హార్లిక్సు సీసాలు ఖాళీయైన పిమ్మట తెలుగువారి యిండ్లలో పోపుదినుసులకు, పచ్చళ్లకు నెన్నియేండ్లు పనికివచ్చినవో మీకు తెలియనిది కాదు. కాని తెల్లగాజు వెలుతురు నాపదు, బరువెక్కువ, దారిలో పగులును. రేకుడబ్బా మూటిని ఆపును. ఉక్కునగరము మా చెంతనే యున్నదిగదా, రేకున కేమి కొదువ యని కొందరనిరి. విశాఖ ఉక్కు కర్మాగారమున తయారగునవి కడ్డీలు, తీగచుట్టలు మొదలగునవి. తగరపు పూతగల డబ్బారేకు కాదు. అది జంషెడ్‌పూరు వంటి చోట్లనుండి రావలెను. కొద్దిపాటి సరకునకు దాని వెల మేము తాళలేము. పలుచని ప్లాస్టికు సంచి చౌక. తేమను కొంత ఆపును గాని గాలి మెల్లమెల్లగా లోనికి దూరును. నడుమ అల్యూమినియపు రేకుండు పొరల సంచి తేలికయై మూటిని ఆపును. అయితే ఆ పొరలను విడదీసి కరిగించుట కష్టము. వాడి పారవేసినది కాపులుప్పాడ చెత్తగుట్టకు చేరవలసినదే.

పరిమాణముపై మా తోడికోడలికిని నాకును వాదము వచ్చెను. "అక్కా, కిలో డబ్బా యైన కొనువారికి గౌరవముగ నుండును. పైన కండలు తిరిగిన వస్తాదు బొమ్మ వేయింతము" అని యామె యనెను.

"త్రాగునది పండ్లులేని అవ్వ. ఆ వస్తాదు ఎవరిని నమ్మించుటకమ్మా?" అంటిని.

ఆమె నవ్వి బొమ్మను వదలుకొనెను గాని డబ్బాను వదలలేదు. "చిన్న సంచులకు ఖర్చెక్కువ, చెత్తయు నెక్కువ. ఆ మాట చూడవా?" అనెను. అది త్రోసివేయరాని మాట. కాని పాత్ర మూసిన దినమున కాదు, తెరచిన పిమ్మట పరీక్షకు నిలువవలెను. కిలో డబ్బాను దినమునకు 25 గ్రాముల చొప్పున వాడిన నలువదిమార్లు తెరువవలెను. నలువదిమార్లు మా సముద్రపుగాలి లోనికి పోవును. 250 గ్రాముల సంచి పదిదినములలో ముగియును. తుదకు ఇద్దరి మాటయు నిలిచెను. దూరపువారికి 250 గ్రాముల పొరల సంచి. అడవివరము, గోపాలపట్నములవంటి చేరువ వాడలవారు బిగుతుమూతగల తమ స్టీలుడబ్బాను కడిగి, పూర్తిగ ఆరబెట్టి తెచ్చిన తూచి పోయుదుము. వారికి సంచి వెల తగ్గింతుము.

పైచీటీ మాటయు వినుడు. 2006 నాటి ఆహారభద్రతా చట్టము క్రింద నమోదు పొందినవారి పొట్లముపై 14 అంకెల సంఖ్య యుండును. దినుసులను తూకమున ఎక్కువనుండి తక్కువకు వరుసగా వ్రాయవలెను. మాంసకృత్తుల పొడి యని పేరుపెట్టి మొదటి దినుసు పంచదార యైనచో మీకే తెలియును. వేరుసెనగ, పాలు పడనివారుందురు. ఆ హెచ్చరిక కానవచ్చునట్లు వ్రాసితిమి. పొడి దారిలో కుదించుకొనును గనుక డబ్బా యెత్తు చూడక నికరపు తూకము చూడుడు. ఆరోగ్యపూరకములుగా అమ్ము వస్తువులపై ఔషధముగా వాడుటకు కాదను మాట యుండవలెను.

ఇంతకును ఈ పొడి అందరికిని అవసరమా? హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన సూచనలలో, కండలకొరకు మాంసకృత్తుల పొడులు వాడవలదని చెప్పినది. ఆరోగ్యవంతులైన పెద్దలకు దేహపు బరువులో కిలో ఒక్కింటికి దినమునకు 0.83 గ్రాముల మాంసకృత్తులు చాలునని 2020లో ఆ సంస్థయు, భారత వైద్య పరిశోధనా మండలియు నిర్ణయించినవి. ఏబది కిలోల స్త్రీకి సుమారు 42 గ్రాములు. పప్పు, పెరుగు, సెనగలు, గ్రుడ్లు తినగలవారికి ఆ మాత్రము కంచములోనే దొరకును. నమలలేనివారికి, జబ్బుపడి లేచినవారికి వైద్యుల సలహాపై పొడి యుపకరించును. మూత్రపిండముల వ్యాధిగలవారు అడుగక వాడరాదు.

కొనువారికి నేను చెప్పునది స్వల్పము. నెలలోపల ముగియు పరిమాణమే కొనుడు. మూతక్రింది రేకు చినిగియున్న తిరిగి యిచ్చివేయుడు. తెరచిన తేదీని డబ్బాపై వ్రాయుడు. పొయ్యిప్రక్కను, కిటికీయెండను ఉంచకుడు. ఆవకాయకు వలెనే దీనికిని పొడిచెంచాయే వాడుడు. ఆవిరి వచ్చు గ్లాసుపై డబ్బాను వంపకుడు. గడ్డకట్టి వాసన మారినదానిని, వెల యెంతయైనను, రోగి కీయకుడు. చివరి చెంచాడు పొడియు మొదటి చెంచాడు వలె నుండుటయే పాత్రకు పరీక్ష.