పాత ధరల పట్టికను చదువు విధము

గణితము పరీక్షతో ముగియునని తలంచు విద్యార్థులు పెక్కండ్రు కలరు. శాతములు, నిష్పత్తులు, రేఖాచిత్రములు మార్చి నెల దాటినంతనే మఱచిపోదగినవని వారి యభిప్రాయము. అయితే ఈ దినములలో మన పట్టణములయందలి సామాన్య కుటుంబములు సైతము తమ కష్టార్జితమును కంపెనీల వాటాలలో పెట్టుచున్నవి. ఏ కంపెనీ వాటా ఏనాడు ఎంత ధర పలికినదో చూపు పట్టికలు ప్రతివాని చేతిలోని ఫోనునందును ఉచితముగా లభించుచున్నవి. పట్టిక లభించుట వేఱు, దానిని చదువ నేర్చుట వేఱు. ఈ విషయమును గూర్చి నాలుగు మాటలు వ్రాయ నుద్దేశించితిమి.

మేము ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో నుండగా మా గణితాచార్యులు ఏ రేఖాచిత్రమును చూపినను మమ్ము మూడు ప్రశ్న లడుగుచుండెడివారు. అడ్డుగీత యేమి కొలుచుచున్నది? నిలువుగీత యేమి కొలుచుచున్నది? ఈ చిత్రమున లేని దేమి? మొదటి రెండింటికి మేము వెంటనే బదులు చెప్పెడివారము. మూడవ దానికి తఱచు మౌనమే మా సమాధానము. ఇన్ని యేండ్లు పాఠములు చెప్పిన పిమ్మట ఆ మూడవ ప్రశ్నయే మిక్కిలి విలువైనదని మాకు తోచుచున్నది.

కంపెనీ మూలధనమును సమాన భాగములుగా విభజించిన యెడల అందొక భాగమునకు వాటా యని పేరు. ఈ వాటాలు బొంబాయి స్టాకు ఎక్స్చేంజి, నేషనల్ స్టాకు ఎక్స్చేంజి యను విపణులలో ప్రతి పనిదినమునను చేతులు మారుచుండును. వీనిలో మొదటిది 1875లో స్థాపింపబడినది. రెండవ దానియందు వాటాల క్రయవిక్రయములు 1994లో నారంభమైనవి. ధరల పట్టికయందు దినమున కొక వరుస యుండును. తేదీ, ప్రారంభ ధర, ఆనాటి గరిష్ఠ ధర, కనిష్ఠ ధర, ముగింపు ధర, చేతులు మారిన వాటాల సంఖ్య – ఈ యాఱును అందు గానవచ్చును. సాధారణముగా జనులు ముగింపు ధరను మాత్రమే చూతురు. కాని గరిష్ఠ కనిష్ఠముల యంతరము ఆనాటి కలవరమును, వాటాల సంఖ్య ఆ ధరకు గల బలమును దెలుపును. పదిమంది కొన్న ధరకును పదివేలమంది కొన్న ధరకును ఒకే విలువ యుండదు గదా!

గడచిన విద్యాసంవత్సరమున పదవ తరగతిలో శాతములు చెప్పుచుండగా ఒక బాలిక లేచి, "మాస్టారూ, ఇన్ఫోసిస్ వాటా 1993లో తొమ్మిది పైసలేనటండీ! ఎవరో పంపిన పట్టికను మా నాన్నగారు ఫోనులో చూపించినారు" అనెను. తొమ్మిది పైసలకు పిప్పరమెంటు బిళ్ళయైనను రాదని ఒక బాలుడు నవ్వెను. మేము పాఠమును నిలిపి ఆ లెక్కనే నల్లబల్లపై వేసితిమి.

ఇన్ఫోసిస్ కంపెనీ 1993లో తన వాటాలను ప్రజలకు 95 రూపాయల చొప్పున నమ్మినది. ఆనాడు 100 వాటాలు కొన్నవాడు 9,500 రూపాయలు చెల్లించినాడు. తరువాత 1994, 1997, 1999 సంవత్సరములలో ప్రతి వాటాకును ఒక బోనసు వాటా చొప్పున నొసగిరి. ఆ 100 వాటాలు వరుసగా 200, 400, 800 అయ్యెను. 2000లో 10 రూపాయల ముఖవిలువ గల వాటాను 5 రూపాయల వాటాలు రెండుగా విభజించిరి, 1,600 అయ్యెను. 2004లో ఒక్కొక్క వాటాకు మూడేసి బోనసు వాటాలు వచ్చుటచే 6,400 అయ్యెను. 2006, 2014, 2015, 2018 సంవత్సరములలో మరల ఒకటికి ఒకటి చొప్పున నిచ్చుటచే కడపట 1,02,400 వాటాలైనవి. అనగా ఒక వాటా 1,024 వాటాలైనది. 95 రూపాయలను 1,024 చేత భాగింపగా వచ్చునది సుమారు 9 పైసలు. బాలిక చెప్పిన సంఖ్య లెక్కకు సరియే. కాని 1993లో ఏ మనుష్యుడును తొమ్మిది పైసలిచ్చి ఆ వాటాను కొనలేదు.

మఱి పట్టిక అట్లేల చూపవలెను? ఒక రొట్టెను రెండు ముక్కలు చేసినంతమాత్రమున రొట్టె పెరుగదు. ఒకటికి ఒకటి బోనసు ఇచ్చిన దినమున వాటా ధర సగమునకు దిగును; వాటాల సంఖ్య రెట్టింపగును; వాటాదారునకు లాభమును లేదు, నష్టమును లేదు. పాత ధరలను సవరింపనిచో ఆ దినమున కంపెనీ సగము కూలినట్లు రేఖాచిత్రము అబద్ధము చెప్పును. కావున పూర్వపు ధరలనన్నిటిని అదే నిష్పత్తిలో తగ్గించి వ్రాయుదురు. దీనినే సవరించిన ధర యందురు. పట్టికను చూచువాడు మొట్టమొదట తెలిసికొనవలసినది, అది సవరించినదా, సవరింపనిదా యనుటయే.

ఇంకొక సంగతి. 1993లో ఆ 95 రూపాయల వాటాలను కొనుటకు ప్రజలు పూర్తిగా ముందుకు రాలేదు. 2003 ఏప్రిలు 10వ తేదీన, ఒక్కదినములోనే, ఆ వాటా విలువలో సుమారు నాలుగవ వంతు పోయినది. నేడు గీతను చూచువానికి అదియొక చిన్న గుంటవలె కన్పట్టును. ఆనాడు వాటాను చేత బట్టుకొని యున్నవానికి ఆ గుంటకు అడుగెక్కడో తెలియదు. ముగింపు తెలిసిన కథను చదువుట సులభము.

తరువాత తల్లిదండ్రుల సమావేశమునకు ఆ బాలిక తండ్రి వచ్చెను. ఆయన చిన్న వర్తకుడు. కుమార్తె కాలేజీ చదువునకై కొంత సొమ్ము కూడబెట్టి యుండెను. "మాస్టారుగారూ, తొమ్మిది పైసల వాటా అంతటిదైనప్పుడు మూడు రూపాయల వాటా యెందుకు కాకూడదండీ?" అని యడిగి, మిత్రుడొకడు సూచించిన యొక చిన్న కంపెనీ ధరల గీతను మాకు చూపెను. కొన్ని నెలలలో అది పలుమార్లు రెట్టింపై నిటారుగా పైకి పోవుచుండెను. తొమ్మిది పైసల సంగతి యెట్టిదో కాగితముపై చేసి చూపి, అటుపిమ్మట గీతను విడిచి వరుసలను చదువుడని కోరితిమి. వారముల తరబడి ప్రారంభ, గరిష్ఠ, కనిష్ఠ, ముగింపు ధరలు నాలుగును ఒక్కటియే. ముందుదినము కంటె ఇంచుమించు ఐదు శాతము హెచ్చు. చేతులు మారిన వాటాలు కొలది నూఱులు మాత్రమే.

ఒక్కదినములో ధర మితిమీఱి మారకుండుటకై విపణివారు చాల వాటాలకు 2, 5, 10, 20 శాతముల హద్దులు పెట్టుదురు. ఆ హద్దునకే ప్రతిదినమును ధర తగులుచు, అమ్మకములు మాత్రము స్వల్పముగా నుండెనేని, అది పదిమంది సమ్మతించిన ధర యని చెప్పరాదు. ధర దిగునపుడును ఇట్లే దిగువహద్దునకు తగిలి నిలుచును. అమ్మదలచువారు వేలమంది, కొనువాడొక్కడును ఉండడు. అప్పుడు పట్టికలోని ధర కాగితముపై మాత్రమే యుండును. ఆ తండ్రి చాలసేపు మాటాడక, కుమార్తె చదువు సొమ్మును తపాలా కార్యాలయమున వేసెదనని చెప్పి, అట్లే చేసెను. ఆ చిన్న కంపెనీ యేమగునో మేమెఱుగము. ఎఱుగని దానిపై బిడ్డ చదువును ఒడ్డరాదను మాట మాత్రము ఆయనకు నచ్చెను.

ఇక చిత్రమున లేని దేమి యను ప్రశ్న. నేటి విపణిలోని కంపెనీల పాత ధరలను మాత్రమే చూచినచో అంతరించిన కంపెనీలు కంటబడవు. హైదరాబాదున వెలసిన సత్యం కంప్యూటర్స్ మన తెలుగువారందఱు ఎఱిగినదే. 2009 జనవరి 7వ తేదీన దాని యధ్యక్షులే లెక్కలు కల్పితములని లేఖ వ్రాసి యొప్పుకొనిరి. ముందునాడు 179 రూపాయల 10 పైసలున్న వాటా ఆనాడు బొంబాయి విపణిలో 39 రూపాయల 95 పైసలతో ముగిసినది. ఆ నెలలోనే సెన్సెక్సు నుండి దానిని తొలగించిరి. 2013లో అది టెక్ మహీంద్రాలో విలీనమైనది. 2009కి పూర్వము ఆ వాటా పలికిన ధరలు నిజముగా జనులు చెల్లించినవే; ఆ ధరలను పలికించిన లెక్కలు మాత్రము అబద్ధములు. ధర యొక సాక్షి. తాను చూచినదానిని మాత్రమే సాక్షి చెప్పగలడు.

పై లెక్కలో ఇంకొక పాఠము కూడ కలదు. ఆనాటి నష్టము సుమారు 78 శాతము. పోయినది తిరిగి రావలెనన్న 78 శాతము పెరిగిన చాలునని మా విద్యార్థులు చెప్పుదురు. చాలదు. 39.95 మరల 179.10 కావలెనన్న సుమారు 348 శాతము పెరుగవలెను. దిగునపుడు శాతము పెద్దమొత్తముపైనను, ఎక్కునపుడు చిన్నమొత్తముపైనను కట్టబడుటయే దీనికి హేతువు. అట్లే ఒక వాటా పది సంవత్సరములలో రెట్టింపైనచో, ఏటికి పదిశాతము వచ్చినదని చెప్పరాదు. చక్రవడ్డీ లెక్కను అది సుమారు 7.2 శాతమే. అందుండి పెరిగిన బియ్యము ధరను, బడి జీతమును తీసివేసి చూడవలెను. మఱియు కంపెనీ యేటేట పంచిన లాభాంశములను కొన్ని పట్టికలు సవరింపులో చేర్చును, కొన్ని చేర్చవు. చేర్చినదానిని చేర్చనిదానితో పోల్చుట మణుగులను గజములతో పోల్చుటయే.

ఇంతమాత్రమున పాత ధరలు నిష్ప్రయోజనములని మేము చెప్పుటలేదు. ఒక కంపెనీ వాటా చెడ్డకాలమున ఎంతవఱకు దిగినదో, తిరిగి లేచుటకు ఎన్నియేండ్లు పట్టినదో అవి తెలుపును. అంత నష్టమును మన యిల్లు ఓర్చుకొనగలదా యని యోచించుకొనవచ్చును. 1978–79ని 100గా గైకొని లెక్కించు సెన్సెక్సుతో పోల్చి, ఆ కంపెనీ ప్రత్యేకముగా పెరిగినదో, విపణితో పాటు పెరిగినదో తెలిసికొనవచ్చును. 2018 జనవరి 31వ తేదీ నాటికే చేతనున్న వాటాలను అమ్మునపుడు పన్ను లెక్కకు ఆనాటి గరిష్ఠ ధర కావలసి యుండును. తాతగారి పెట్టెలో పాత వాటాపత్రములు దొరకిన కుటుంబములకు ఈ పట్టికయే దారి చూపును. ఇవన్నియు గడచినదానిని కొలుచు పనులు. రేపటి ధరను చెప్పుట ఆ పట్టిక పనికాదు.

కావున విద్యార్థులారా, ఇంటిలో పెద్దలు ఇట్టి గీతను చూచి సంతోషపడుచుండగా మీరు నవ్వవలదు, భయపెట్టవలదు. పెన్సిలును కాగితమును దెచ్చి వారి ప్రక్కన కూర్చుండుడు. ఈ ధర సవరించినదా, ఆనాడు ఎన్ని వాటాలు చేతులు మారినవి, ఈ చిత్రమున లేని దేమి యని వినయముతో అడుగుడు. మీకు నేర్పిన భాగహారమును శాతములును ఆ పనికి చాలును. ఆ సొమ్ము కూడబెట్టుటకు వారికి ఎన్ని యేండ్లు పట్టినదో తలంచిన యెడల, లెక్క చూచుకొనుటకు ఒక సాయంకాలము వెచ్చించుట ఎక్కువ కాదు.