మేస్త్రీ లేని వలస

మహబూబ్‌నగర్ నుంచి నల్లగొండ పోవాలంటే హైదరాబాద్ ఎక్కి మళ్లీ కిందికి దిగడం చాలామందికి అలవాటు. అలా కాకుండా జడ్చర్ల, కల్వకుర్తి, కొండమల్లేపల్లి మీదుగా అడ్డంగా కోసుకుపోయే దారి ఒకటుంది. కోదాడ దాకా వెళ్లే 167వ నంబరు జాతీయ రహదారి అది. బస్సులు మారాలి, కాస్త ఓపిక పట్టాలి. కానీ దక్షిణ తెలంగాణ మెట్ట అసలు రూపు చూడాలనుకుంటే ఈ దారే పట్టాలి. ఎర్రటి చెలకలు, పత్తి చేలు, ఎవరో పనిగట్టుకుని పేర్చినట్టుండే గుండ్ల గుట్టలు.

ఊళ్ల మొదట్లో కనిపించే బోర్డులు మాత్రం మారాయి. ఒకప్పుడు ఎరువుల దుకాణం, బోరుబండి ఫోన్ నంబరు, అంతే. ఇప్పుడు వాటి పక్కనే విమానం బొమ్మతో 'స్టడీ అబ్రాడ్' ఫ్లెక్సీ. ఇంగ్లిష్ పరీక్ష కోచింగ్, బ్యాంకు లోను, వీసా ఇంటర్వ్యూ అన్నీ ఒకే షట్టరులో దొరుకుతాయట!

వలస ఈ నేలకు కొత్తేం కాదు. దేశంలో ఏ మూల పెద్ద డ్యామ్ కట్టినా అక్కడ పాలమూరు కూలీ ఉంటాడని పేరు. ఆ వలసకు ఒక పద్ధతి ఉండేది. మేస్త్రీ ఊళ్లోకి వచ్చేవాడు, అడ్వాన్సు చేతిలో పెట్టేవాడు, కుటుంబాలను లారీ ఎక్కించేవాడు. అడ్వాన్సు తీరేదాకా వాళ్ల బతుకు వాడి చేతిలోనే. అది దోపిడీ, అందులో అనుమానం లేదు. కాకపోతే పని ఎక్కడుందో తెలిసిన మనిషి కూడా వాడే. కూలీ వెళ్లి దిగేసరికి తట్ట, పార సిద్ధంగా ఉండేవి.

వాళ్ల మనవలు ఇప్పుడు టెక్సాస్‌కు, మిస్సోరికి, లండన్‌కు వెళ్తున్నారు. 2023-24లో అమెరికాలో చదివిన భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. ఆ ఏడాది చైనాను కూడా దాటేశాం. ఇంత పెద్ద వలసలో పని చూపించేవాడెవడు? కన్సల్టెన్సీ బాధ్యత విమానాశ్రయం గేటు దగ్గర అయిపోతుంది. ప్రభుత్వం ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ పిల్లలకు ఓవర్సీస్ స్కాలర్‌షిప్పు కింద 20 లక్షల దాకా ఇస్తోంది. మంచి పనే. అయితే అదీ చదువు వరకే.

కల్వకుర్తి దాటాక బస్సులో పక్క సీట్లో ఓ పెద్దాయన కూర్చున్నాడు. పత్తి రైతు. నేను ఇలాంటి విషయాలు రాస్తానని తెలిశాక కొంచెం దగ్గరికి జరిగి మెల్లగా అడిగాడు.

"మా పెద్దోడు అమెరికాల ఎమ్మెస్ అయిపోయిండు సారు. కొలువు దొరకలే. ఇంకా నలభై దినాలే ఉన్నయంటుండు. నలభై దినాలైతే ఏమైతది సారు?"

రెండెకరాలు బ్యాంకులో పెట్టి పంపాడట. ఆ నలభై రోజుల లెక్క ఏమిటో ఇంట్లో ఎవరికీ తెలియదు. కొడుకు ఫోన్లో విడమర్చి చెప్పలేదు. చెబితే అమ్మ ఏడుస్తుందని కాబోలు.

లెక్క ఇదీ. అమెరికాలో చదువు అయ్యాక ఓపీటీ కింద 12 నెలలు పని చేసుకోవచ్చు. సైన్సు, ఇంజనీరింగ్ లాంటి చదువులకు ఇంకో 24 నెలల పొడిగింపు ఉంది. కానీ మొదటి ఏడాదిలో పని లేకుండా గడిపే రోజులు మొత్తం 90 దాటకూడదు. పొడిగింపు వస్తే మరో 60 కలుస్తాయి. ఓపీటీ మొదలైన తేదీ నుంచి, పని లేని ప్రతి రోజూ ఎండాకాలం చెరువులో నీళ్లలా తరుగుతూ ఉంటుంది. దాటితే వీసా హోదాకే ముప్పు.

"వాళ్ల యూనివర్సిటీల కెరీర్ సెంటర్ అని ఒకటుంటది, పోయిండా?" అని అడిగాను.

"గదేంది సారు?"

ఆయనకు తెలియకపోవడం సహజం. కొడుక్కైనా తెలుసో లేదో! మన ఇంజనీరింగ్ కాలేజీల్లో ప్లేస్‌మెంట్ సెల్ అంటే కంపెనీ కాలేజీకే వస్తుంది, పరీక్ష పెడుతుంది, పేర్లు చదువుతుంది. ఈ అలవాటుతో వెళ్లిన పిల్లలు అక్కడా ఎవరో వచ్చి పేరు పిలుస్తారని చూస్తారు. అక్కడి కెరీర్ సెంటర్ ఉద్యోగం ఇవ్వదు. వెతుక్కోవడం నేర్పుతుంది. మన నాలుగు పేజీల రెజ్యూమెను ఒక్క పేజీకి దించుతారు. ఉత్తుత్తి ఇంటర్వ్యూ చేసి ఎక్కడ తడబడ్డామో చెబుతారు. కెరీర్ ఫెయిర్‌కు ముందు ఏ కంపెనీ వాళ్లను ఏం అడగాలో కూర్చోబెట్టి నేర్పుతారు. పాత విద్యార్థులతో పరిచయం కలుపుతారు. చాలా చోట్ల చదువు ముగిశాక కూడా కొంతకాలం ఈ సాయం అందుతుంది. ఇదంతా కట్టిన ఫీజులోనే ఉంటుంది, విడిగా పైసా అడగరు. మనవాళ్లకు ఉచితమంటే నమ్మకం తక్కువ, అదో చిక్కు.

దాని పక్కనే ఇంటర్నేషనల్ ఆఫీసు వేరే ఉంటుంది. వీసా సంగతులు అడగాల్సింది అక్కడ. ఉదాహరణకు, ఆ మొదటి ఏడాదిలో చదివిన రంగంలోనే వారానికి కనీసం 20 గంటలు జీతం లేని ఇంటర్న్‌షిప్ చేసినా, అది కార్మిక చట్టాలకు లోబడి ఉంటే, ఆ రోజులు నిరుద్యోగంగా లెక్కకు రావు. నలభై రోజులు మిగిలినవాడికి ఈ ఒక్క ముక్క ఎంత విలువైనదో చూడండి. పెద్దాయన జేబులోంచి బస్సు టికెట్ తీసి దాని వెనక నన్నే రాయమన్నాడు. రాత్రికి కొడుక్కు ఫోటో తీసి పంపుతాడట.

ఆఫీసు గడప తొక్కని పిల్లలకు ఇంకో తలుపు తెరిచే ఉంటుంది. అక్కడ కొత్త మేస్త్రీ కూర్చుని ఉంటాడు. లేని అనుభవాన్ని రెజ్యూమెలో రాసిపెడతాడు, జీతంలో వాటా తీసుకుంటాడు. పట్టుబడితే పోయేది పిల్లవాడు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై వ్యాలీ యూనివర్సిటీ మూతపడినప్పుడు రోడ్డున పడ్డవాళ్లలో తెలుగు పిల్లలే ఎక్కువ. కొందరి కాళ్లకు రేడియో ట్యాగులు తగిలించారు. 2019లో బయటపడ్డ మిషిగన్ ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అయితే అమెరికా ఇమిగ్రేషన్ అధికారులే వల కోసం పెట్టిన బోర్డు. ఫార్మింగ్టన్‌లో తరగతులే లేవు. చేరినవాళ్లలో అమాయకులెందరో, తెలిసి చేరినవాళ్లెందరో అనే వాదన ఇప్పటికీ నడుస్తుంది. నా మటుకు నాకు, 'ఈ కాలేజీలో కెరీర్ సెంటర్ ఎక్కడుంది, దాని తలుపు తట్టిన సీనియర్ ఎవరు?' అని ఇంట్లో ఒక్కరు అడిగి ఉంటే కొందరైనా ఆగేవారనిపిస్తుంది.

కొండమల్లేపల్లిలో బస్సు దిగి నల్లగొండ బండి ఎక్కాను. పెద్దాయన దేవరకొండ ఆటో వైపు వెళ్లిపోయాడు.

ఈ దారికి ఆ చివర మహబూబ్‌నగర్‌లో పాలమూరు యూనివర్సిటీ, ఈ చివర నల్లగొండలో మహాత్మాగాంధీ యూనివర్సిటీ. రెండూ ఒకప్పుడు ఉస్మానియా పీజీ సెంటర్లే. ఒకటి 2008లో, మరొకటి 2007లో యూనివర్సిటీలయ్యాయి. రెండు పట్టణాలకూ 2023లో ఐటీ టవర్లూ వచ్చాయి. ఇల్లు దాటకుండానే రెజ్యూమె రాయడం, ఇంటర్వ్యూలో నోరు విప్పడం నేర్పడానికి ఇంతకన్నా ఏం కావాలి? వెళ్లేవాళ్లకే కాదు, ఉండిపోయేవాళ్లకూ పనికొస్తుంది. రెండు జిల్లాల నుంచి వెళ్లి అక్కడ స్థిరపడ్డవాళ్లు వందల్లో ఉన్నారు. నెలకో ఆదివారం వాళ్లను వీడియోలో కూర్చోబెడితే ఖర్చు కరెంటు బిల్లంతే.

నల్లగొండలో దిగేసరికి చీకటి పడింది. గడియారం సెంటర్‌లో మిర్చి బజ్జీల బండి దగ్గర నిలబడితే ఓ కన్సల్టెన్సీ కుర్రాడు కరపత్రం చేతిలో పెట్టాడు. రెండు వైపులా చదివాను. ఫీజు ఉంది, ర్యాంకు ఉంది, లోను ఉంది, ఆ ఊళ్లో చలి ఎంతో కూడా ఉంది.

"కెరీర్ సెంటర్ గురించి లేదేం తమ్మీ?" అన్నాను.

"అన్నా, ఇప్పటిదాకా ఎవరూ అడగలే" అన్నాడు. అని, జేబులోంచి పెన్ను తీసి ఆ మాట అరచేతిలో రాసుకున్నాడు.